అంబుజ పేరు మీద బీడీలు

బండగుట్ట కాలనీ ఇంటి నంబరు 4-7-19లో నేల కింద నుంచి వచ్చే గాలికి జూన్ పన్నెండో తారీఖున కుటుంబ కార్డులో పేరెక్కింది. పేరు రేడన్న. మగ. వయసు గడిలో "చాలా" అని రాశారు. ఇంటి యజమానురాలితో సంబంధం అన్నచోట మొదట "గాలి" అని రాసి, అటువంటి సంబంధం ఫారంలో లేదు కనక కొట్టేసి, "దూరపు బంధువు" అని దిద్దారు. కింద గుండ్రటి ముద్ర, దాని పక్కన ఆకుపచ్చ సిరా సంతకం.

యజమానురాలు అంబుజ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి బీరువాలో పెట్టింది. ఆమెకు పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు. పోయినవాళ్ళ పేర్లు కార్డుల్లో ఉండటం, బతికున్నవాళ్ళవి లేకపోవడం ఆ కాలనీలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆమె సొంత పేరే పదకొండేళ్ళ పాటు "అంబోజు, మగ" అని ఉండేది. దాన్ని దిద్దించుకోవడానికి తాను ఆడమనిషినని నాలుగు ఆఫీసుల్లో చెప్పుకోవాల్సి వచ్చింది. దానితో పోలిస్తే గాలికి పేరు పెట్టడం చిన్న విషయం.

అంబుజ లేడీస్ టైలర్. యాభై రెండేళ్ళు. ఆమె తల్లి బీడీలు చుట్టి నలుగురు పిల్లల్ని పెంచింది. చిన్నప్పటినుంచి అన్నంలో, తలలో, పుస్తకాల్లో అదే వాసన. ఆ వాసన నుంచి బయటపడాలనే పదహారో ఏట మిషను నేర్చుకుంది. తీరా పెళ్ళయ్యాక చూస్తే భర్త నర్సింగం రోజుకు పదిహేను బీడీలు తాగేవాడు. మొదటి వారంలోనే ఆమె ఒక రూలు పెట్టింది. బీడీ ముట్టిస్తే బయటికి పోవాలి. అతను మెట్ల మీద కూర్చుని తాగేవాడు, ఆమె లోపల కిటికీ బిడాయించుకుని జాకెట్లు కుట్టేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ రూలు ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆ ఇంటి ముందుగది వీధికన్నా మూడు మెట్లు కిందికి ఉంటుంది. బండను తొలిచి కట్టిన గది. అక్కడే ఆమె మిషను, కత్తెర, ట్యూబులైటు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమె బతుకు. చలికాలం మొదట్లో నస్రీన్ అనే కాలేజీ లెక్చరరు వచ్చి, ఇళ్ళల్లో గాలి మీద పరిశోధన చేస్తున్నానని చెప్పి, గోడకు చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఒకటి వేలాడదీసి పోయింది. మూడు నెలల తర్వాత దాన్ని తీసుకుపోయింది. ఏప్రిల్లో ఫలితం చెప్పడానికి వచ్చిన రోజునే కుటుంబాల సర్వే చేసే వీరస్వామి కూడా ఆ గడపలోనే కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా అందువల్లే.

"అక్కా, మీ ఇంట్ల రేడాన్ ఉన్నది. ఉండాల్సిన దానికన్న శానా ఎక్కువున్నది," అంది నస్రీన్.

వీరస్వామి అట్ట మీది కాగితాల్లోంచి తలెత్తాడు. "ఇద్దరే ఉంటరని చెప్తిరి గదమ్మా. ఈ రేడన్న ఎవలు?"

"రేడన్న కాదు సార్, రేడాన్."

"అదే రాస్తున్న. ఎప్పటిసంది ఉంటున్నడు?"

"ఇల్లు కట్టకముందు నుంచే ఉన్నది. కింద బండల్ల నుంచి వస్తది."

వీరస్వామి "స్థానికుడు" అని రాసుకున్నాడు. "ఏం పని జేస్తడు?"

"ఏం చెయ్యదు. కనపడదు, వాసన రాదు. ఊకెనే ఉంటది."

"పిల్లలు?"

నస్రీన్ చదువుకున్న మనిషి. అడిగిన ప్రశ్నకు సరైన జవాబు తెలిసి కూడా చెప్పకుండా ఉండలేదు. ఆమెతో వచ్చిన చిక్కే అది. "మా చదువుల అది విరిగితే పుట్టే పదార్థాలను కూతుళ్ళనే అంటరు సార్. అసలు కష్టమంత ఆ కూతుళ్ళతోనే. రేడాన్ పీలిస్తే మళ్ళ బయటికి పోతది. కూతుళ్ళు ఊపిరితిత్తులల్ల అతుక్కుంటయి."

"ఎంతమంది?"

"వెంటవెంటనే పుట్టేవి నాలుగు."

"ఎవల ఊపిరితిత్తులల్ల ఉంటరు?"

"పొద్దంత ఇంట్ల ఉండేది అక్కనే గద."

వీరస్వామి నలుగురు కూతుళ్ళనూ ఒకరి కింద ఒకరిని రాసి, నివాసం గడిలో "అంబుజ గారి ఊపిరితిత్తులు, సొంతిల్లు" అని నింపాడు. పేర్లు తర్వాత చెప్పొచ్చన్నాడు. నస్రీన్ ఆ కాగితం వైపు చూడలేదు. నేల పగుళ్ళు పూడ్పించాలని, బండ కింద నుంచి ఒక గొట్టం పెట్టి ఫ్యాను బిగించి గాలిని డాబా పైకి పంపెయ్యాలని, అంతదాకా కనీసం కిటికీ తెరిచి ఉంచాలని అంబుజకు చెప్పింది. అది రేడియోధార్మిక వాయువని, కాలం గడిస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంటుందని, పొగ ముట్టనివాళ్ళకు కూడా వస్తుందని చెప్పింది.

"కిటికీ తెరిస్తే బీడీ వాసనొస్తది గద మేడం," అంది అంబుజ.

కార్డు వచ్చిన రోజు నర్సింగం చదివాడు. బస్సు డిపోలో మెకానిక్ పని చేసి, ఇంకో నెలలో రిటైరవబోతున్నాడు. మొదటిసారి చదివినప్పుడు అతని మొహం మాడింది. "ఎవడే ఈ రేడన్న?" అన్నాడు. ఆమె అంతా వివరించింది. అతను మెట్ల మీదికి పోయి రెండు బీడీలు తాగి, మళ్ళీ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"నన్నేమో ముప్పై ఒక్క ఏండ్లసంది బయటికి పొమ్మంటివి. గాయనకేమో లోపల్నే సోటిచ్చినవు."

"నేనిచ్చిన్నా? మనకన్న ముందు వచ్చిండంట."

అది నిజమేనని నర్సింగం ఒప్పుకున్నాడు. కానీ మనసులో చిన్నబుచ్చుకున్నాడు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

రేడన్న వయోవృద్ధుడు కనక సభ్యుల నమోదు ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి అతను బతికే ఉన్నాడో లేడో తనిఖీ చేశాడు. నస్రీన్ని అడిగితే ప్రతి నాలుగు రోజులకు రేడాన్‌లో దాదాపు సగం పోతుందని, బండలోంచి మళ్ళీ వస్తూనే ఉంటుందని చెప్పింది. ఆఫీసువాళ్ళు ఆలోచించి అతనికి సగం కోటా బియ్యం ఖాయం చేశారు. ఈ సంగతి తెలిసి వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళూ తమ ఇంట్లో కూడా రేడన్న ఉన్నాడని దరఖాస్తులు పెట్టుకున్నారు. ఒక మనిషి రెండు కార్డుల్లో ఉండటం నేరమని ఆఫీసు వాటన్నిటినీ తిప్పికొట్టింది. దాంతో బండగుట్ట కాలనీలో 4-7-19 తప్ప ఏ ఇంట్లోనూ రేడన్న లేడని అధికారికంగా తేలిపోయింది. ఆ ఇళ్ళవాళ్ళు కొంచెం నిరాశపడి కిటికీలు మూసుకున్నారు.

ఆగస్టులో అంబుజకు దగ్గు మొదలైంది. వానాకాలం దగ్గే అనుకుంది. మిరియాల కషాయం తాగింది, తమలపాకు నమిలింది. సెప్టెంబరులో దగ్గుతో పాటు చేతిరుమాలు మీద రక్తం చుక్క కనిపించింది. నర్సింగం ఆ రుమాలును చూసి చెప్పులేసుకుని ఆటో పిలుచుకొచ్చాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూడకముందే అడిగాడు. "రోజుకెన్ని బీడీలమ్మా?"

"ఒక్కటి గూడ లేదు సార్."

డాక్టరు "రోజుకు ఒకటికి లోపు" అని రాసుకున్నాడు. స్కానింగ్ తీసేవాడు, బీడీలు మానేసి ఎన్నేళ్ళయిందని అడిగాడు. నర్సు, పరవాలేదమ్మా ఇక్కడ చెప్పుకుంటే తప్పులేదంది. పరామర్శకు వచ్చిన ఆడబిడ్డ, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టావు కదా, ఎప్పుడో ఒకటి రుచి చూసే ఉంటావని జాలిగా నవ్వింది. అంబుజ అందరికీ అదే జవాబు చెప్పింది. నాలుగో రోజుకు ఆమె గొంతులోనే ఒక సందేహం చోటు చేసుకుంది. నిద్రలో గానీ తాగుతున్నానా అని నర్సింగాన్ని అడిగింది. లేదే, నా కట్టలో ఎన్నడూ తక్కువ కాలేదన్నాడు అతను.

కుడి ఊపిరితిత్తి పై భాగంలో ఉసిరికాయంత గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరేనని తేలింది. "ఇప్పటికి ఒక్కచోటనే ఉంది. నెలలోపు కోసి తీసేస్తే బాగుపడతావు. ఆలస్యమైతే నేనేం చెప్పలేను," అన్నాడు డాక్టరు. ఆ మాటలో దాపరికం లేదు. అంబుజకు భయం వేసింది. అంత భయం ఆమెకు అంతకుముందెన్నడూ వెయ్యలేదు.

ఆపరేషన్ చెయ్యాలంటే ఆసుపత్రి కింది అంతస్తులో ఉన్న మంజూరు విభాగం ఒప్పుకోవాలి. అక్కడి ఫారంలో "కారణం" అన్నచోట రెండే గళ్ళున్నాయి. ఒకటి పొగాకు, రెండు ఇతరం. అంబుజ రెండో గడిలో టిక్కు పెట్టింది. ఇతరం అయితే కుటుంబ కార్డు జతచెయ్యాలన్నారు, చేసింది. గుమాస్తా కార్డు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి, ఫారం వెనక్కిచ్చాడు.

"గడ్డ ఉన్న జాగల నలుగురు ఆడోళ్ళు కాపురమున్నరు గదమ్మా. వాళ్ళను ఖాళీ చేయించినట్టు ఉత్తర్వు లేకుండ డాక్టరు కత్తి పెట్టరాదు. రేపు ఎవలన్న కేసేస్తే?"

అలా ఆమె సభ్యుల నమోదు ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి సూపరింటెండెంట్ లింబాద్రి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, కేసంతా ఓపికగా విన్నాడు. అతను చెయ్యకుండా వదిలేసిన పని ఒక్కటీ లేదు, ఆ సంగతి ఫైలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నలుగురు కూతుళ్ళకూ విడివిడిగా నోటీసులు పంపాడు. పోస్టుమాన్ నాలుగు కవర్లతో వచ్చి, చిరునామా ప్రకారం అందజేయాలి కనక ఆమెను ఒక్కొక్క కవరు దగ్గర గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు. పీల్చింది, దగ్గింది. దగ్గును అందినట్టు రసీదుగా రాసుకుని వెళ్ళిపోయాడు.

జవాబు కోసం పదిహేను రోజులు ఆగాలన్నది నియమం. ఆగారు. జవాబు రాలేదు. అప్పుడు లింబాద్రి మరణ ధ్రువీకరణకు ప్రయత్నించాడు. నస్రీన్ వచ్చి, ఆ కూతుళ్ళు నిమిషాల లెక్కన పుట్టి పోతుంటాయని రాతపూర్వకంగా చెప్పింది. లింబాద్రి ఆ కాగితం చూసి సంతోషించాడు. తర్వాత టైపిస్టును పిలిచి మాట్లాడి దిగులుపడ్డాడు.

"ఒకామె సర్టిఫికెట్ కొట్టేలోపల ఇంకొకామె పుడుతున్నది అమ్మా. మా దగ్గర టైపిస్టు ఒక్కడే."

డాక్టరు చెప్పిన నెలలో అప్పటికి పంతొమ్మిది రోజులు పోయాయి. అంబుజ ఆ కుర్చీలోంచి లేవలేదు. ఏం చెయ్యమంటారో చెప్పండి సార్ అని మాత్రం అంది. లింబాద్రి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. అతను లంచం అడగబోతున్నాడేమో అనుకుంది గానీ, అంతకన్నా పెద్దదే అడిగాడు.

"మొదటి గడిల టిక్కు పెట్టు. పొగాకుతోని వచ్చిన గడ్డల ఎవలు కాపురముండరు. అట్లాంటివి అదే రోజు మంజూరైతయి."

"నేను తాగలే సార్."

"తాగినవని నేనంటలేనమ్మా. రాయమంటున్న."

అంబుజ ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. ఎవరో ఇచ్చిన జాకెట్టు గుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. చావుకు కాదు ఆ ఏడుపు. ముప్పై ఒక్క ఏళ్ళు కొంగుకు ఆ వాసన అంటకుండా చూసుకున్న మనిషికి చివరికి ఆ వాసన పేరు చెప్పుకునే బతకాల్సి రావడం ఆమెకు అవమానంగా తోచింది. తన ఊపిరితిత్తుల గురించి తన మాట ఆసుపత్రిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మిన ఒక్క ఆఫీసరు లింబాద్రీ అబద్ధం రాయమన్నాడు.

మర్నాడు టిక్కు పెట్టడానికి ఒప్పుకునే వెళ్ళింది. కానీ ఉత్త టిక్కు చెల్లదట. అలవాటు ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎన్ని, ఏ రకం, చూసినవాళ్ళు ఇద్దరు, ఇవన్నీ రుజువులతో కావాలి. అంబుజ దగ్గర ఒక్క బీడీకి కూడా రుజువు లేదు. అప్పుడు ఆమె వెనక నిలబడ్డ నర్సింగం గొంతు సవరించుకున్నాడు.

"నా దగ్గరున్నయి సార్. నావి ఆమెకు రాసిస్త."

లింబాద్రి లేచి నిలబడి బీరువా పైఅరలోంచి దుమ్ము పట్టిన కట్ట ఒకటి దించాడు. ఫారం పదిహేడు, అలవాటు బదిలీ. భార్యాభర్తల మధ్య చెల్లుతుంది. అంతకుముందు ఒకేసారి వాడారట, ఎవరో గురక బదిలీ చేసుకున్నారు. నర్సింగం వివరాలు చెబుతుంటే లింబాద్రి స్వయంగా రాశాడు. పెళ్ళైన నాటి నుంచి ముప్పై ఒక్క ఏళ్ళు, రోజుకు పదిహేను. శనివారాలు ఉపవాసం కనక పది. పెళ్ళికి ముందువి అక్కర్లేదన్నారు. కిరాణం ఓదెలు ఒక సాక్షి, పక్కింటి శోభ ఇంకో సాక్షి. ఆ బీడీల మీద తనకు గానీ తన వారసులకు గానీ ఇకమీద ఏ హక్కూ లేదని నర్సింగం సంతకం పెట్టాడు.

"ఇన్నేండ్లల్ల నీ పేరు మీద రాసిచ్చింది గిదొక్కటే," అన్నాడు భార్యతో.

అంబుజ నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గుతూనే సంతకం చేసింది. మంజూరు మధ్యాహ్నానికే వచ్చింది. ఇరవై మూడో రోజున ఆపరేషన్ అయింది. గడ్డను మొత్తం తీశారు, పక్కకు పాకలేదన్నారు. నర్సింగం ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని, జేబు తడుముకుని, తన పేరు మీద ఇప్పుడు బీడీలు లేవన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె బతికింది. దానికన్నా అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

డిశ్చార్జి కాగితం మీద ఎర్ర సిరాతో "పొగ మానాలి" అని రాసి ఉంది. అందుకోసం ప్రతి మంగళవారం క్లాసుంది. తొమ్మిది మంది మగవాళ్ళ మధ్య అంబుజ కూర్చునేది. మీ అనుభవం చెప్పండమ్మా అంటే మెట్ల మీద, వానలో, గొడుగు పట్టుకుని తాగిన సంగతులన్నీ చెప్పేది. అవన్నీ నర్సింగం అనుభవాలే గానీ కాగితం ప్రకారం ఇప్పుడు ఆమెవి. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటును ఒక్కరోజులో మానేసి, చేతులు కూడా వణకని మనిషిని క్లాసు చెప్పేవాడు ఎన్నడూ చూడలేదు. చప్పట్లు కొట్టించి సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని ఆమె మిషను గది గోడకు, డబ్బీ వేలాడిన మేకుకే తగిలించింది.

నర్సింగం మాట మీద నిలబడే మనిషి. ఇచ్చేసినవాటిని మళ్ళీ ముట్టుకోలేదు. మొదటి పది రోజులు పిచ్చెక్కినట్టు తిరిగాడు. కిరాణం ఓదెలు కూడా నియమం తప్పలేదు, అలవాటుగా పొద్దున్నే కట్ట తెచ్చి అంబుజ చేతికే ఇచ్చి, "మీయి అక్కా," అనేవాడు. ఆమె తీసుకుని మోరీలో పడేసేది.

నస్రీన్ వచ్చింది. ఆమె మొహంలో సంతోషం, దిగులు రెండూ ఉన్నాయి. "నువ్వు బతికినవు, అది చాలక్కా. కని పొగ తాగని మనిషికి రేడాన్‌తోని క్యాన్సర్ రావచ్చని చెప్పెతందుకు ఈ ఊర్ల నాకు దొరికిన కేసు నువ్వొక్కదానివే. ఇప్పుడు నిన్ను లెక్కల పట్టేటట్టు లేదు. నువ్వు రోజుకు పదిహేను తాగినవు."

"శనివారం పదే," అంది అంబుజ.

అయినా నస్రీన్ ఊరుకోలేదు. గొట్టం, ఫ్యాను పెట్టించడానికి తనే దరఖాస్తు రాసి ఇచ్చింది. అది పది రోజుల్లో తిరిగొచ్చింది. సదరు రేడన్న వల్ల ఇంట్లో ఎవరికీ హాని జరిగినట్టు రికార్డు లేదని, యజమానురాలి జబ్బుకు కారణం బీడీలని ఆమే ఒప్పుకున్నదని, నిరపరాధి అయిన వృద్ధుణ్ణి ఫ్యాను పెట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టడం కుదరదని జవాబు. ఆ నెలలోనే కాలనీ మలుపు దగ్గర కొత్త బోర్డు వెలిసింది. పొగ తాగనివారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒక్కటీ నమోదు కాని కాలనీ అని దాని మీద రాసి ఉంది. దాని ముందు నిలబడి వీధివాళ్ళు ఫోటోలు దిగారు, శోభ అంబుజను కూడా పిలిచింది.

తర్వాత ఆరోగ్య విభాగం నుంచి స్వరూప అనే ఆమె ఇల్లు చూడటానికి వచ్చింది. నెమ్మదైన మనిషి. ఒకే కప్పు కింద పొగ అలవాటున్న మనిషి, లేని మనిషి కలిసి ఉంటే ఏం చెయ్యాలో ఆమె దగ్గరున్న పుస్తకంలో ఉంది. మానేసినా సరే, ఏడాది పాటు అలవాటున్న మనిషి పగలంతా బయట కూర్చోవాలి. అలవాటు లేని మనిషి పది అడుగుల దూరంలో, కిటికీ మూసిన గదిలో ఉండాలి. అంబుజ మిషను మెట్ల మీదికి మారింది. పైన టార్పాలిన్ కట్టారు. రిటైరై ఇంట్లోనే ఉంటున్న నర్సింగం లోపలికి మారాడు.

"పాపం, ఈ వయసుల ఆయనకు పొగ తగులొద్దు గదక్కా," అంటూ స్వరూప తనే కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టింది.

ఆమె వెళ్ళగానే అంబుజ లోపలికి వెళ్ళి కిటికీ బార్లా తెరిచింది. రేడన్న సంగతి ఇప్పుడు ఆమెకు తన ఒంటి మీది కుట్లంత బాగా తెలుసు. మరుసటి వారం స్వరూప వచ్చి తెరిచిన కిటికీ చూసి నొచ్చుకుంది. రెండు రెక్కల మధ్య లక్కతో సీలు వేసింది. సీలు పగిలితే అంబుజకు ఆర్నెల్లకోసారి చేసే స్కానింగ్ మంజూరు ఆగిపోతుందని, తన చేతిలో ఏమీ లేదని బాధగానే చెప్పింది. నర్సింగం ఆ సీలు మీద తువ్వాలు కూడా తగలనివ్వలేదు. మళ్ళీ గడ్డ పుడితే తొందరగా కనిపించేది ఆ స్కానింగ్‌లోనే అని డాక్టరు చెప్పిన మాట అతను మరిచిపోలేదు.

బయట అంబుజకు మంచిగానే ఉంది. పగటి వెలుతురులో దారం రంగులు తప్పు పోవడం లేదు. వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తున్నారు, ఒంటికి కాస్త నెత్తురు పట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ మెట్ల మీద ఇంత గాలి ఉందని ఆమెకు తెలియదు. లోపల నర్సింగం ట్యూబులైటు కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు. అప్పుడప్పుడు గాజురెక్క వెనక నుంచి ఆమె వైపు చూసేవాడు.

"బయటికి రారాదయ్యా జరసేపు," అనేది ఆమె.

"నాకు బయటేం పనే? బీడీలా, కట్టలా?"

అలా అని నవ్వేవాడు. సాయంత్రం, స్వరూప వచ్చే వేళ దాటాక, అలా మార్కెట్టు దాకా తిరిగొచ్చేవాడు. మిగతా పొద్దంతా లోపలే. ముప్పై ఏళ్ళు ఆమె కూర్చున్న చోటే కూర్చునేవాడు, అక్కడ వెలుతురు బాగుంటుందని.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం అంబుజ చేతి కుట్టు వేస్తుంటే మూసిన కిటికీ వెనక నుంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆమె సూది ఆపింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు.

"ఏందది?"

"ఏం లేదే. గొంతుల గరగర."

మర్నాడు పొద్దున్నే ఆమె లింబాద్రి ఆఫీసుకు వెళ్ళింది. అతను ఎప్పటిలాగే కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు. నర్సింగానికి ముందుగానే పరీక్ష చేయించాలని, కిటికీ సీలు తీయించాలని, నేల కింద గొట్టం పెట్టనివ్వాలని ఆమె అడిగింది. లింబాద్రి అన్నీ విని చాలాసేపు ఫైలు తిరగేశాడు.

"ఆయనకు ఏ అలవాటు లేదు గదమ్మా. కాగితాల మీద ఇప్పుడు మీ కాలనీల అంత శుభ్రమైన ఊపిరితిత్తులు ఎవలికి లేవు. ఏమని పరీక్ష రాయమంటవు?"

"ఊపిరితిత్తి మీద మచ్చ పడ్డంక రాస్తరా?"

"పడ్డంకనైతే దారి ఉన్నది. పడకముందుకు మా దగ్గర ఫారం లేదు."

అంబుజకు కోపం వచ్చింది. కానీ ఎవరి మీద పడాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి నిజంగానే మంచివాడు, ఆ ఆఫీసులో అందరూ మంచివాళ్ళే. ఇంకేం అడగాలో తోచక ఫారం పదిహేడు ఒకటి ఇమ్మంది. లింబాద్రి అర్థం చేసుకుని రెండిచ్చాడు, ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుందని.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని, బట్టలు కత్తిరించే బల్ల మీద కాగితం పరిచి తీరిగ్గా నింపింది. ఇచ్చేవారు అంబుజ. పుచ్చుకునేవారు నర్సింగం, భర్త. ముప్పై ఒక్క ఏళ్ళు, రోజుకు పదిహేను, శనివారాలు పది. కింద తన సంతకం పెట్టింది. సాక్షులుగా శోభనూ ఓదెలునూ పిలిచి వాళ్ళ చేత కూడా పెట్టించింది. అవసరం పడ్డ రోజు నింపుదామని తేదీ గడి ఒక్కటే ఖాళీగా ఉంచి, నాలుగు మడతలు పెట్టి, మిషను సొరుగులో బాబిన్ల కింద దాచింది.

లోపల మళ్ళీ దగ్గు వినిపించింది. అది ఆగేదాకా విని, ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది.